పీర్-టు-పీర్ నెట్‌వర్క్ పది కంప్యూటర్లకేనా, లక్షల కంప్యూటర్లకు కూడానా?

కొత్తవిద్యార్థి:

నమస్కారం. నేను కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పరీక్షకు చదువుకుంటున్నాను. క్లయింట్-సర్వర్, పీర్-టు-పీర్ నెట్‌వర్క్‌ల మధ్య తేడాలు రాయమనే ప్రశ్న తరచుగా వస్తుందని సీనియర్లు చెప్పడంతో, పాఠ్యపుస్తకంలో ఉన్న పట్టికను కంఠతా పట్టాను. పీర్-టు-పీర్ పద్ధతిలో సర్వర్ ఉండదు, ఖర్చు తక్కువ, భద్రత తక్కువ, పది కంప్యూటర్ల వరకే పనికివస్తుంది అని ఒకవైపు. క్లయింట్-సర్వర్ పద్ధతిలో ఖర్చు ఎక్కువ, భద్రత ఎక్కువ, ఎన్ని కంప్యూటర్లనైనా చేర్చుకోవచ్చు అని మరోవైపు ఉంది.

నా చిక్కు ఏమిటంటే, అదే పుస్తకంలో మరో అధ్యాయంలో, యూజర్లే ఫైళ్లను ఒకరికొకరు పంచుకునే బిట్‌టొరెంట్ గురించి చెబుతూ, పీర్-టు-పీర్ పద్ధతికి ఉన్న గొప్ప బలం విస్తరణేనని, కంప్యూటర్లు పెరిగేకొద్దీ దాని సామర్థ్యం కూడా పెరుగుతుందని రాశారు. పది దాటితే పనికిరానిది లక్షల కంప్యూటర్లకు ఎలా సరిపోతుంది? రెండింటిలో ఒకటి తప్పై ఉండాలి, లేదా నాకు అర్థం కానిది ఏదో ఉండాలి. దయచేసి వివరించగలరు.

పాతకేబుల్:

పుస్తకంలో రెండు మాటలూ నిజమే. ఒకే పేరున్న ఇద్దరిని ఇంటిపేరు చెప్పకుండా పరిచయం చేసినట్లుగా, రెండు వేర్వేరు విషయాలను ఒకే పదంతో పిలవడం వల్ల మీకు ఈ తికమక ఏర్పడింది.

పట్టికలో ఉన్న పీర్-టు-పీర్ అంటే ఆఫీసుల్లో మేము వర్క్‌గ్రూప్ అని పిలిచే ఏర్పాటు. నాలుగైదు కంప్యూటర్లను ఒక స్విచ్‌కు కలిపి, ఒకదానిలోని ఫోల్డర్‌ను, మరొకదానికి తగిలించిన ప్రింటర్‌ను అందరికీ షేర్ చేస్తారు. ఇక్కడ పీర్ అన్న మాట పెత్తనం గురించి చెబుతుంది: ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటరే యజమాని, యూజర్ల జాబితా కూడా దేనిది దానిదే. ఎనిమిది మంది పనిచేసే చోట ఎనిమిది కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. ఎవరైనా ఎక్కడి ఫైలునైనా తమ పేరుతోనే తెరవగలగాలంటే మొత్తం 64 ఖాతాలు తయారుచేయాలి. ఒకరు పాస్‌వర్డ్ మార్చుకుంటే ఎనిమిది చోట్ల మార్చాలి. ఇరవై మంది అయితే ఆ సంఖ్య 400 అవుతుంది. అంత ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, చివరికి అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడడం, లేదా అసలు పాస్‌వర్డే లేకుండా ఫోల్డర్‌ను తెరిచి ఉంచడం జరుగుతుంది. భద్రత తక్కువ అని పుస్తకం అన్న మాట వెనుక ఉన్నది చాలావరకు ఈ విసుగే.

నేను చాలాకాలం క్రితం ఇలాంటి ఒక చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌ను చూసుకునేవాడిని. లెక్కల ఫైలు ఒక ఉద్యోగి కంప్యూటర్‌లో ఉండేది. ఆయన సాయంత్రం ఐదున్నరకు కంప్యూటర్ ఆపేసి వెళ్లిపోయేవారు. మిగిలినవారికి ఆ ఫోల్డర్ పేరు జాబితాలో కనిపిస్తూనే ఉండేది గానీ, దాని మీద నొక్కితే కాసేపు తిరిగి తిరిగి లోపం చూపించేది. దాంతో అందరూ ముందు జాగ్రత్తగా ఆ ఫైలును తమ కంప్యూటర్లలోకి కాపీ చేసుకోవడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ‘చివరిది’, ‘అసలు చివరిది’, ‘ఇదే చివరిది’ అని మూడు ఫైళ్లు తయారయ్యాయి. మూడింటిలోనూ మొత్తాలు వేర్వేరు. ఏది సరైనదో తేల్చడానికి నాకు రెండు రోజులు పట్టింది.

విండోస్ తయారీదారులు కూడా ఈ వాడకాన్ని చిన్నదిగానే ఊహించారు. డెస్క్‌టాప్ విండోస్‌కు బయటి నుంచి ఒకేసారి వచ్చే కనెక్షన్ల మీద పరిమితి ఉండేది. విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో అది 10, విండోస్ 7లో 20. పాఠ్యపుస్తకాలు తరతరాలుగా చెబుతున్న పది కంప్యూటర్ల లెక్కకు ఈ పరిమితి కూడా ఊతమిచ్చి ఉంటుందని నా అనుమానం. అది దాటాక మనం సర్వర్ పెట్టి, యాక్టివ్ డైరెక్టరీ లాంటి దానిలో ఖాతాలన్నీ ఒకచోటికి తెస్తాం. విండోస్ 2000తో వచ్చిన ఈ ఏర్పాటులో ఒక యూజర్‌కు ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డ్. ఉద్యోగం మానేసిన రోజున ఒకచోట మూసేస్తే అన్నిచోట్లా మూసుకుపోతుంది.

బిట్‌టొరెంట్‌లోని పీర్-టు-పీర్ గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

లెక్కలమనిషి:

పాతకేబుల్ గారు వదిలిన చోటి నుంచి అందుకుంటాను. రెండో అర్థంలో పీర్-టు-పీర్ అన్నది బరువు మోయడం గురించిన మాట. దీనిని విశేషణాలతో కాకుండా అంకెలతో చూస్తేనే స్పష్టంగా తెలుస్తుంది.

ఒక గిగాబైట్ ఫైలు ఉందనుకుందాం, అంటే 8,000 మెగాబిట్లు. సర్వర్ సెకనుకు 100 మెగాబిట్లు పంపగలదు. తీసుకునేవారు 100 మంది. ఒక్కొక్కరి డౌన్‌లోడ్ వేగం సెకనుకు 50 మెగాబిట్లు, అప్‌లోడ్ వేగం 10 మెగాబిట్లు. సర్వర్ ఒక్కటే అందరికీ పంపాలంటే మొత్తం 8 లక్షల మెగాబిట్లు దాని తీగ గుండానే వెళ్లాలి కాబట్టి 8,000 సెకన్లు, అంటే సుమారు 2 గంటల 13 నిమిషాలు పడుతుంది. అదే తీసుకున్నవారు తమకు అందిన ముక్కలను పక్కవారికి పంపడం మొదలుపెడితే, మొత్తం పంపే సామర్థ్యం సర్వర్ 100కు తోడు నూరు మంది పదేసి చొప్పున కలిసి సెకనుకు 1,100 మెగాబిట్లు అవుతుంది. అప్పుడు ఆదర్శ పరిస్థితిలో పట్టే సమయం సుమారు 727 సెకన్లు, పన్నెండు నిమిషాలు.

ఇప్పుడు 100 మంది బదులు 1,000 మంది వచ్చారనుకోండి. సర్వర్ ఒక్కటే పంపితే సమయం కూడా పది రెట్లు పెరిగి 22 గంటలు దాటుతుంది. తలా ఒక చేయి వేసే పద్ధతిలో మాత్రం 792 సెకన్లే, సుమారు పదమూడు నిమిషాలు. మంది పదింతలైతే పెరిగింది ఒక్క నిమిషం. వచ్చిన ప్రతివాడూ అడిగేవాడు మాత్రమే కాకుండా ఇచ్చేవాడు కూడా కావడమే దీని రహస్యం. విస్తరణ గురించి మీ పుస్తకం చెప్పింది ఇదే.

అయితే ఈ లెక్కలో అందరూ ఇస్తారన్న నమ్మకం ఒకటి దాగి ఉంది. మనుషులు అలా ఇవ్వరు. 2000లో ఏటన్ అదార్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అనే పరిశోధకులు న్యూటెల్లా అనే ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్‌ను పరిశీలించినప్పుడు, దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలు కూడా పంచుకోవడం లేదని, వచ్చే సమాధానాలలో సగం దాకా ఒక్క శాతం కంప్యూటర్ల నుంచే వస్తున్నాయని తేలింది. పేరుకు అందరూ సమానులే గానీ, నడిచేది కొద్దిమంది పుణ్యాన. బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్‌ను విడుదల చేసినప్పుడు ఈ లోపాన్ని నేరుగా పట్టించుకున్నారు. ఫైలును చిన్న ముక్కలుగా విడగొట్టి, ఎవరు తనకు వేగంగా పంపుతున్నారో వారికే తానూ పంపేలా ప్రతి కంప్యూటర్‌కూ నియమం పెట్టారు. కొత్తగా వచ్చినవారి దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి, సుమారు 30 సెకన్లకోసారి యాదృచ్ఛికంగా ఎవరో ఒకరికి ఊరికే పంపి చూసే వెసులుబాటునూ కల్పించారు. పైగా అందరి దగ్గరా ఉన్న ముక్కకన్నా అరుదుగా ఉన్న ముక్కనే ముందు తెచ్చుకుంటారు. ఆ ముక్క ఉన్న ఒక్కరూ వెళ్లిపోతే మిగిలినవారంతా 99 శాతం దగ్గర ఆగిపోతారన్న భయం దీనికి కారణం.

కొత్తవిద్యార్థి:

ఇద్దరికీ ధన్యవాదాలు. 64 ఖాతాల లెక్కతోనే నాకు సగం చిక్కు విడిపోయింది. ఇంకో సందేహం ఉంది. పీర్-టు-పీర్‌లో సర్వర్ ఉండదని నిర్వచనం కదా. కానీ పాటలు పంచుకునే నాప్‌స్టర్‌కు సర్వర్ ఉండేదని, టొరెంట్‌లకు ఫైలు ఎవరెవరి దగ్గరుందో చెప్పే ట్రాకర్ అనే సర్వర్ ఉంటుందని చదివాను. మరి వాటిని పీర్-టు-పీర్ అనవచ్చా? ఎవరి దగ్గర ఏముందో చెప్పేవారు లేకపోతే ఒక కంప్యూటర్ మరోదాన్ని ఎలా కనుక్కుంటుంది?

మూడోఅంతస్తు:

మీరు చివర అడిగినదే ఈ రంగానికంతా అసలు ప్రశ్న. ఫైలు మోసుకెళ్లడం తేలిక, అది ఎక్కడుందో కనుక్కోవడం కష్టం. ఈ రెండు పనులనూ విడదీసి చూడండి, నిర్వచనం గురించిన తగవు చాలావరకు ఉండదు.

1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో ఫైళ్లు ఒక యూజర్ కంప్యూటర్ నుంచి మరో యూజర్ కంప్యూటర్‌కు నేరుగా వెళ్లేవి, కానీ ఎవరి దగ్గర ఏ పాట ఉందన్న సూచిక మాత్రం కంపెనీ సర్వర్లలో ఉండేది. అంటే మోత పీర్-టు-పీర్, వెతుకులాట క్లయింట్-సర్వర్. కోర్టు వివాదం ముదిరి 2001 జులైలో ఆ సర్వర్లు ఆగగానే, లక్షల కంప్యూటర్లలో పాటలు భద్రంగా ఉన్నా నెట్‌వర్క్ మాత్రం చచ్చిపోయింది.

2000లో వచ్చిన న్యూటెల్లా ఆ సూచికనే తీసేసింది. ఏదైనా కావాలంటే మీ కంప్యూటర్ తన పొరుగువారిని అడుగుతుంది, వారు తమ పొరుగువారిని అడుగుతారు, ఇలా ప్రశ్న సాధారణంగా ఏడు అంచెల దాకా పాకుతుంది. మూసేయడానికి కేంద్రమంటూ లేదు, నిజమే. కానీ ఒక్క ప్రశ్నకు వేల కంప్యూటర్లు కదలాలి. ఏడో అంచె అవతల ఉన్న ఫైలు ఉన్నా లేనట్లే.

2001, 2002 సంవత్సరాల్లో ఈ రెండింటికీ మధ్యేమార్గంగా డిస్ట్రిబ్యూటెడ్ హ్యాష్ టేబుల్ అనే ఆలోచన వచ్చింది. వాటిలో కడెమ్లియా అనేదాన్ని పెటర్ మేముంకోవ్, డేవిడ్ మాజియేర్స్ 2002లో ప్రచురించారు. ఇందులో ప్రతి కంప్యూటర్‌కూ 160 బిట్ల సంఖ్య ఒకటి ఉంటుంది, ప్రతి ఫైలుకూ అదే పొడవున్న సంఖ్య ఉంటుంది. ఫైలు సంఖ్యకు దగ్గరి సంఖ్య ఉన్న కంప్యూటర్లే ఆ ఫైలు ఎవరి దగ్గరుందో గుర్తుపెట్టుకుంటాయి. మీ కంప్యూటర్‌కు ఆ సంఖ్యకు దగ్గరగా ఉన్న ఎవరో ఒకరు తెలిస్తే చాలు, వారిని అడిగితే ఇంకా దగ్గరివారిని చూపిస్తారు. ప్రతి అడుగులో దూరం కనీసం సగం తగ్గుతుంది కాబట్టి 10 లక్షల కంప్యూటర్లలో కూడా సుమారు 20 అడుగుల లోపే గమ్యం చేరతారు. సూచికను కాల్చేయకుండా, చింపి ముక్కలుగా అందరికీ పంచిపెట్టారన్నమాట. ట్రాకర్ పనిచేయకపోయినా నేటి టొరెంట్లు నడవడానికి కారణం కడెమ్లియాను అనుసరించిన ఇలాంటి పట్టికే. అయినా తొలిసారి నెట్‌వర్క్‌లో అడుగుపెట్టేటప్పుడు ఎవరో ఒకరి చిరునామా ముందే తెలిసి ఉండాలి, అది సాధారణంగా ప్రోగ్రామ్‌లోనే రాసిపెట్టి ఉంటుంది. సర్వర్ లేదంటూనే గుమ్మం దగ్గర ఒకరిని నిలబెట్టడం తప్పలేదు.

స్కైప్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2003లో మొదలైన స్కైప్, మంచి కనెక్షన్ ఉన్న యూజర్ల కంప్యూటర్లనే సూపర్‌నోడ్‌లుగా ఎంచుకుని మిగిలినవారి సమాచారాన్ని వాటిద్వారా నడిపేది. 2007 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ తర్వాత ఎన్నో కంప్యూటర్లు కొద్ది వ్యవధిలోనే రీస్టార్ట్ కావడంతో, ఆ సూపర్‌నోడ్‌లు మాయమైన సమయంలోనే లాగిన్ కోసం అందరూ ఒక్కసారిగా మీదపడ్డారు; స్కైప్ సాఫ్ట్‌వేర్‌లోని లోపం కూడా తోడై సేవ సుమారు రెండు రోజులు స్తంభించింది. యూజర్ల కంప్యూటర్ల మీద నిలబడ్డ నెట్‌వర్క్ ఆ యూజర్లు ఎప్పుడు కంప్యూటర్ ఆపుతారో వారి ఇష్టానికే లోబడి ఉంటుంది. 2012 నాటికి మైక్రోసాఫ్ట్ ఆ సూపర్‌నోడ్‌లను తన డేటా సెంటర్లలోకి మార్చింది. ఫోన్లు పెరగడం ఇలాంటి మార్పులకు మరో కారణమని నా అభిప్రాయం. బ్యాటరీ మీద నడిచే పరికరం ఎవరి కోసమో రాత్రంతా మేలుకుని ఉండలేదు.

సందేహాలరావు:

పై సమాధానాలు బాగున్నాయి గానీ, అవి చదివినవారు పీర్-టు-పీర్ అన్నింటికీ మేలని, సర్వర్ అంటే తప్పనిసరి తద్దినమని అనుకునే ప్రమాదం ఉంది. అందుకు నేను ఒప్పుకోను.

లెక్కలమనిషి గారి ఉదాహరణలో ఉన్నది మారని ఫైలు. మారే సమాచారం వస్తే కథ వేరు. చివరి ఒక్క సీటును ఇద్దరు ఒకే క్షణంలో బుక్ చేశారనుకోండి. సర్వర్ ఉంటే ఎవరి అభ్యర్థన ముందు వచ్చిందో అది చూసి ఒకరికి ఇచ్చి రెండోవారిని తిప్పి పంపుతుంది, అక్కడితో అయిపోతుంది. సర్వర్ లేకపోతే వేల కంప్యూటర్లు ఏది ముందో తమలో తాము ఒప్పుకోవాలి. 2009లో నడక మొదలుపెట్టిన బిట్‌కాయిన్ దానిని సాధించింది, నిజమే. కానీ సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్ (లావాదేవీల కట్ట) చొప్పున, అపారమైన విద్యుత్తు ఖర్చుతో, ప్రతి పూర్తి నోడ్ (నెట్‌వర్క్‌లో పూర్తి స్థాయిలో పాల్గొనే కంప్యూటర్) ప్రతి లావాదేవీనీ సొంతంగా సరిచూసుకుంటే తప్ప అది కుదరలేదు.

వీడియో కాల్‌నూ చూడండి. ఇద్దరే అయితే నేరుగా మాట్లాడుకోవడమే మంచిది, ఆలస్యం తగ్గుతుంది. పది మంది నేరుగా మాట్లాడుకోవాలంటే ఒక్కొక్కరు తమ వీడియోను తొమ్మిది మందికి విడివిడిగా పంపాలి. మొత్తం 90 ప్రవాహాలు. మధ్యలో సర్వర్ ఉంటే ప్రతివారూ ఒక్కసారి పంపితే చాలు, మిగతా వారికి అది అందిస్తుంది. గృహ కనెక్షన్లలో చాలావాటికి అప్‌లోడ్ వేగమే తక్కువ కాబట్టి ఇక్కడ గెలుపు సర్వర్‌దే.

భద్రత మీద కూడా ఒక మాట. అపరిచితుడి నుంచి వచ్చిన ముక్క కల్తీదా కాదా అన్నది టొరెంట్‌లో హ్యాష్ విలువతో, అంటే ముక్కలోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్యతో తేలుతుంది. ఒక్క బిట్ తేడా ఉన్నా ఆ ముక్కను పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది. కానీ ఆ హ్యాష్‌ల జాబితా ఉండే అసలు టొరెంట్ ఫైలే మోసపూరితమైతే హ్యాష్ కాపాడదు. అలాగే ఒకే మనిషి వెయ్యి పేర్లతో వెయ్యి నోడ్‌లుగా చేరి నెట్‌వర్క్‌ను పక్కదారి పట్టించవచ్చు. దీనిని సిబిల్ దాడి అంటారు, జాన్ డౌసర్ 2002లో దీనిని వివరించారు. ఎవరు ఎవరో తేల్చే అధికారి లేని చోట దీనికి పూర్తి మందు లేదు.

పాతకేబుల్:

సందేహాలరావు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. కొత్తవిద్యార్థి గారూ, క్లయింట్, సర్వర్ అన్నవి పెట్టెల పేర్లు కావు, పాత్రల పేర్లు. వీలైతే చేసి చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఉంటే, రెండు మూడు అనవసరపు ఫైళ్లున్న ఫోల్డర్‌లో దానితోపాటే వచ్చే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్‌ను నడిపి, అదే వైఫైలో ఉన్న మరో పరికరం నుంచి బ్రౌజర్‌తో తెరవండి.

కొత్తవిద్యార్థి:

చేశాను. సర్వర్ 8000 పోర్టులో (కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్‌కు చేరాలో చెప్పే సంఖ్య) నడుస్తోందని చూపించింది. ఫోన్ బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ చిరునామా 192.168.1.5, పోర్టు 8000 కొట్టగానే ఫైళ్ల జాబితా కనిపించింది. ల్యాప్‌టాప్ తెర మీద ఫోన్ చిరునామా, సమయం, 200 (అడిగింది ఇచ్చాను అని అర్థం) అనే సంఖ్యతో ఒక వరుస పడింది. దాని కిందనే నేను అడగని ఐకాన్ ఫైలు కోసం మరో అభ్యర్థన వచ్చి 404 (అది లేదు) అని పడింది, అది బ్రౌజర్ తనంతట తాను అడుగుతుందట. తర్వాత స్నేహితుడి ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్ నడిపి, అతని ఫైలు నేను, నా ఫైలు అతను తెచ్చుకున్నాం. రెండు యంత్రాలూ ఏకకాలంలో రెండు పాత్రల్లో ఉన్నాయి.

కానీ ఫోన్‌ను వైఫై నుంచి తీసి మొబైల్ డేటాలో పెడితే మాత్రం అదే చిరునామా తెరుచుకోలేదు. ఎందుకు?

మూడోఅంతస్తు:

192.168తో మొదలయ్యేవి ప్రైవేటు చిరునామాలు. 1996 నాటి ఒక ఇంటర్నెట్ ప్రమాణపత్రం వీటిని లోపలి నెట్‌వర్క్‌లకే కేటాయించింది, బయటి ఇంటర్నెట్‌లో వీటికి దారి ఉండదు. మీ రౌటర్ లోపలి పరికరాలన్నింటికీ ఒకే బయటి చిరునామాను పంచుతుంది. లోపలి నుంచి వెళ్లిన అభ్యర్థనకు వచ్చిన జవాబును గుర్తుపట్టి లోపలికి పంపుతుంది గానీ, బయటి నుంచి పిలవకుండా వచ్చినదాన్ని ఎవరికివ్వాలో తెలియక వదిలేస్తుంది. వెబ్‌సైట్లు చూసేటప్పుడు పలకరింపు ఎప్పుడూ మీవైపు నుంచే మొదలవుతుంది కాబట్టి ఇది అడ్డు రాదు. పీర్‌లకు మాత్రం ఇదే పెద్ద అడ్డు: ఇద్దరూ రౌటర్ల వెనుక ఉంటే ఎవరూ ఎవరినీ ముందుగా పలకరించలేరు. అందుకే ఇద్దరూ మొదట బయట ఉన్న ఒక సర్వర్‌ను అడిగి తమ బయటి చిరునామా, పోర్టు తెలుసుకుని, వాటిని ఇచ్చిపుచ్చుకుని, ఒకేసారి ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ ప్యాకెట్లు పంపుతారు. అవి రెండు రౌటర్లలోనూ దారి తెరుస్తాయి. అదీ కుదరకపోతే మొత్తం సంభాషణ మధ్యవర్తి సర్వర్ గుండానే నడుస్తుంది.

మీ ప్రయోగానికైతే రౌటర్‌లో 8000 పోర్టును ల్యాప్‌టాప్‌కు మళ్లించి, ఫోన్‌లో రౌటర్ బయటి చిరునామా కొట్టండి. సర్వీస్ ప్రొవైడర్ కూడా తన వైపు ఇలాగే చిరునామాలు పంచుతుంటే ఇది పనిచేయదు. పనిచేస్తే చూసిన వెంటనే మూసేయండి. ఆ సర్వర్‌కు పాస్‌వర్డ్ లేదు, ఫోల్డర్‌లో ఉన్నదంతా అడిగినవారికల్లా ఇచ్చేస్తుంది.

కొత్తవిద్యార్థి:

పనిచేసింది. భోజనం చేసి వచ్చాక మూసేద్దామని కాసేపు అలాగే వదిలేశాను. తిరిగి వచ్చి చూసేసరికి తెర మీద నా ఫోన్ వరుసల కింద, ముక్కూ మొహం తెలియని మూడు చిరునామాల నుంచి అడ్మిన్ పేజీ కోసం, నా దగ్గర లేని ఏవేవో ఫైళ్ల కోసం అభ్యర్థనలు పడి ఉన్నాయి. అన్నింటికీ 404 వెళ్లింది. పోర్టు మళ్లింపు తీసేశాను.